మండలి వారి విచారం

మా లంక రేవుల మండలిలో ఉత్తరాలు పంపే పని నాది. డెస్పాచ్ సెక్షన్ అంటారు. ఒక టేబులు, ఒక రిజిస్టరు, కవర్లు అంటించే గోందు సీసా ఒకటి, నేను. గోదావరి పాయల మీద నలభై రెండు రేవుల్లో పడవ ఎప్పుడు రావాలి, ఎప్పుడు పోవాలి, ఎక్కడ మెట్లు కట్టాలి, ఎక్కడ దీపం పెట్టాలి అన్నది మా మండలి నిర్ణయిస్తుంది. నిర్ణయించమని జనం అర్జీలు పెట్టుకుంటారు. మేము ఫారం పద్నాలుగు పంపుతాం.

ఫారం పద్నాలుగు అంటే తిరస్కరణ పత్రం. పైన ఇంగ్లీషులో ‘వుయ్ రిగ్రెట్ టు ఇన్ఫామ్ యూ’ అని మొదలవుతుంది. కింద తెలుగులో ‘మీ అర్జీ తిరస్కరించబడినదని తెలియజేయుటకు విచారించుచున్నాము’ అని ఉంటుంది. పేరుకు ఒక ఖాళీ, తేదీకి ఒక ఖాళీ, కారణం నంబరుకు ఒక ఖాళీ. కారణాలు మొత్తం తొమ్మిది. వాటి జాబితా ఒకప్పుడు గోడకి వేలాడేది. సున్నాలు వేసినప్పుడు తీశారు, మళ్లీ పెట్టలేదు. దానివల్ల పనేమీ ఆగలేదు. నేను ఎక్కువగా ఆరు వేసేదాన్ని. రాయడానికి వీలుగా ఉంటుంది, ఒక్క గీతలో అయిపోతుంది.

ఇరవై రెండేళ్లుగా ఇలా ప్రశాంతంగా సాగుతుండగా, ఒక సోమవారం నాడు సమాచార హక్కు చట్టం కింద ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు పితాని చంద్రావతి. చిలకలపాటి లంకలో కొబ్బరి పీచుతో తాళ్లు పేనే మనిషి. ఉత్తరం ఇలా ఉంది:

‘అయ్యా, మూడేళ్లలో మీరు నాకు పదకొండు కాగితాలు పంపారు. అన్నింటిలోనూ విచారిస్తున్నాము అని ఉంది. విచారణ చేస్తున్నారు కాబోలు, ఎవరో ఒకరు రేవుకి వస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. మా హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు పైన ఉన్న ఇంగ్లీషు చదివి, ఇది ఆ విచారం కాదమ్మా, బాధపడే విచారం అని చెప్పారు. కాబట్టి ఈ కింది సమాచారం ఇప్పించగలరు. ఒకటి: నా గురించి బాధపడిన వారి పేరు, హోదా. రెండు: ఏయే తేదీల్లో ఎంతెంత సేపు బాధపడ్డారు. మూడు: బాధపడ్డాక ఏం చేశారు.’

మా సెక్రటరీ కొల్లి ఇంద్రసేనారావు గారు ఈ ఉత్తరం రెండుసార్లు చదివి, వెంటనే సమావేశం పెట్టారు.

“ఈ మహిళ మనల్ని అభినందిస్తోందా, నిలదీస్తోందా అన్నది తర్వాత చూద్దాం. ముందు వాస్తవం ఆన్ రికార్డ్ రావాలి. సదరు పదకొండు సందర్భాల్లో విచారించింది ఎవరు?” అన్నారు.

అందరూ నావైపు చూశారు. ఉత్తరం మీద చివరి చెయ్యి నాదే మరి.

“నేను గోందు రాశానండి, అంతే” అన్నాను.

“గోందు రాసేటప్పుడు, అమ్మాజీ గారూ, కొంచెమైనా...”

“లేదండి.”

ఆయన కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టారు. “పరిస్థితి తీవ్రత మీకు అర్థమవుతోందా? ఎవరూ విచారించలేదని జవాబిస్తే, ఇరవై రెండేళ్లుగా మండలి తన లెటర్‌హెడ్ మీద అబద్ధం రాసినట్టు. విచారించామని జవాబిస్తే రికార్డు చూపించాలి. రికార్డు లేదు.”

“ఆ మాట తీసేస్తే పోదా అండి?” అన్నాను.

“ఫారం మార్చడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. మార్జిను అరంగుళం పెంచమని మనం పంపిన ప్రతిపాదనే ఆరేళ్లుగా పైన పెండింగులో ఉంది. విచారం మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆఫీసు ఆర్డరు చాలు.”

అలా మా మండలి ఇకనుంచి నిజంగానే విచారించాలని తీర్మానం జరిగింది. అయితే ఆ క్రియను ఎలా చెయ్యాలో ఎవరికీ తెలియదు. నిపుణుల సలహా కోసం తటవర్తి జ్ఞానప్రసూన గారిని పిలిపించారు. ఆవిడ డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆ ముప్ఫై ఏళ్లలో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని ఆవిడను అడిగిన వాళ్లు ఒక్కరూ లేరట. సంచీ నిండా నిఘంటువులు మోసుకుని, పిలిచిన టైముకంటే గంట ముందే వచ్చారు.

“వాడుక దగ్గర మొదలుపెడతాను” అన్నారావిడ. “రిగ్రెట్ ఇన్ఫామింగ్ అంటే, చెప్పేశాక, ఎందుకు చెప్పానా అని పడే బాధ. రిగ్రెట్ టు ఇన్ఫామ్ అంటే, ఇప్పుడు చెప్పబోతున్నందుకు పడే బాధ. మీరు వాడింది రెండోది.”

“అంటే ముందు బాధ, తర్వాత సంతకం” అన్నారు సెక్రటరీ.

“వ్యాకరణం ప్రకారం అంతే.”

స్టెనో రాసుకున్నాడు: విచారము, సంతకమునకు పూర్వము.

“ఇక కర్త. ‘వుయ్’ అన్నారు. బహువచనం.”

“గౌరవార్థం వాడి ఉంటారు కదండి?”

“ఇంగ్లీషులో అలా రాజులు వాడుకుంటారు. మీరు రాజులా?”

సెక్రటరీ గారు ఒక్క క్షణం ఆలోచించారు. “కాదు” అన్నారు కొంచెం బాధగా.

“అయితే కనీసం ఇద్దరు ఉండాలి.”

స్టెనో అదీ రాసుకున్నాడు.

“మూలం చూస్తే పాత ఫ్రెంచి. అక్కడ దీనికి అర్థం, పోయినవాళ్ల కోసం ఏడవడం. ఇంకా వెనక్కి పోతే ఉత్తరాది భాషల్లో ఏడుపు అనే మాట తగులుతుందంటారు. అది మాత్రం పండితులే గట్టిగా చెప్పలేకపోతున్నారు.”

సెక్రటరీ గారు కుర్చీలో ముందుకు జరిగారు. “అంటే కన్నీళ్లు?”

“మూలంలో ఉన్నాయి. వాడుకలో ఇంకిపోయాయి.”

“వాడుక జనానిది మేడమ్. మండలి మూలానికే కట్టుబడాలి. రేపు పైనుంచి ఎవరైనా అడిగితే మనం కన్నీళ్లు చూపించగలగాలి.”

జ్ఞానప్రసూన గారు నిఘంటువులు సంచీలో పెట్టేసుకున్నారు.

మూడో రోజుకి ఆర్డరు వచ్చింది. రికార్డు సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు మాచిరాజు సోమసుందరం గారిని విచార అధికారిగా నియమించారు. కారణం ఆయన ముఖం. అది పుట్టుకతోనే విచారంగా ఉంటుంది. కనుబొమలు బయటివైపు కిందికి జారి, పెదాల చివరలు వాటి వెంటే పోయాయి. పెళ్లిపీటల మీద ఆయన్ని చూసి అత్తగారు, “ఇష్టం లేకపోతే ఇప్పుడైనా చెప్పు నాయనా” అందట. నిజానికి మా ఆఫీసులో ఆయనంత హాయిగా బతికే మనిషి లేడు. మధ్యాహ్నం పెరుగన్నంలో మాగాయ టెంక చప్పరిస్తూ, ప్రపంచం ఇంతకన్నా బాగుపడక్కర్లేదు అనుకుంటూ కూర్చుంటారు.

కర్త బహువచనం కాబట్టి రెండో మనిషి కావాలి. ‘గోందు రాయు సమయమున ఉత్తరమునకు అత్యంత సమీపమున ఉండు ఉద్యోగిని’ అయినందున నన్ను సహ విచారకురాలిగా వేశారు. ఆర్డరులో ఇంకా ఇలా ఉంది: ‘సదరు విచారమును ప్రతి పనిదినమున ఉదయం పదకొండు నుండి ఒంటిగంట వరకు, తిరిగి రెండు నుండి నాలుగు వరకు వ్యక్తపరచవలెను. రెండవ శనివారమున విచారము ఉండదు.’

స్టేషనరీ గది ఖాళీ చేయించి, రెండు కుర్చీలు వేయించి, బయట ‘విచార విభాగం’ అని బోర్డు పెట్టారు. పెట్టిన గంటకే ఎనిమిది మంది వరసలో నిలబడ్డారు. ఎంక్వయిరీ అనుకున్నారు. ఒకాయన ముక్తేశ్వరం బస్సు ఎన్నింటికని అడిగాడు. సోమసుందరం గారు చెప్పి పంపించారు. ఇరవై రెండేళ్లలో మా ఆఫీసులో ఒక మనిషి అడిగినదానికి అక్కడికక్కడే జవాబు దొరకడం నేను అప్పుడే చూశాను.

మొదటి కేసు చంద్రావతిదే. ఆవిడ పన్నెండో అర్జీ అప్పటికే వచ్చి ఉంది. ఫారం పద్నాలుగు నింపి, కారణం ఆరు వేసి, దానికి విచార ధ్రువపత్రం జోడించి మా గదికి పంపారు. ధ్రువపత్రంలో విచారం మొదలైన సమయం, ముగిసిన సమయం, కన్నీరు ఉన్నదా లేదా అని మూడు గళ్లు. కింద ఇద్దరి సంతకాలు.

“మొదలుపెడదామాండి?” అన్నారు సోమసుందరం గారు.

పదకొండూ అయిదుకి మొదలుపెట్టాం. ఆయన ఫారం వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. క్యాంటీన్‌లో ఉప్మా పోపు వాసన వచ్చింది. పావుగంట గడిచింది.

“నాకు ఆకలేస్తోంది గానీ బాధ రావటం లేదండి. అసలీవిడ అడిగిందేమిటి?” అన్నారు.

నాకూ తెలియదు. పదకొండు కాగితాలు నా చేత్తోనే పంపాను. ఆవిడ ఏమడిగిందో నేనెప్పుడూ చూడలేదు. అది నా సెక్షన్ పని కాదు.

సోమసుందరం గారు ఫైలు కావాలని నోట్ పెట్టారు. సెక్రటరీ గారు మమ్మల్ని పిలిచారు. “విచారించడానికి వివరాలెందుకయ్యా? సంతాప సభలో రెండు నిమిషాలు నిలబడతారు, పోయినాయన జీవితచరిత్ర అడుగుతారా?”

“తెలియనిదానికి ఏడుపు రాదండి.”

జ్ఞానప్రసూన గారికి ఫోను చేశారు. స్పీకరులో ఆవిడ గొంతు స్పష్టంగా వినపడింది. “రిగ్రెట్ సకర్మక క్రియ. కర్మ ఉండి తీరాలి. దేని గురించి అన్నది లేకుండా ఆ క్రియ నిలబడదు.”

సెక్రటరీ గారు పెన్ను తీశారు. ‘ఫైలు ఇవ్వవచ్చును. కర్మకు సంబంధించినంత మేరకు మాత్రమే చదవవలెను’ అని రాసి సంతకం పెట్టారు.

ఫైలు తెచ్చుకుని చదివాం. పన్నెండు అర్జీలు, ఒకే విషయం. చిలకలపాటి లంక నుంచి తొమ్మిది మంది ఆడపిల్లలు పడవెక్కి ఇవతలి గట్టున హైస్కూలుకి వస్తారు. బడి విడిచేది నాలుగుంపావుకి. రేవు మైలున్నర దూరం. లంకకి ఆఖరి పడవ నాలుగున్నరకి. పరుగెత్తినా అందరికీ పడవ అందదు. కాబట్టి ఆఖరి పీరియడ్ మానేసి బయల్దేరాలి. ఆ పీరియడ్ లెక్కలు. పడవ అయిదింటికి నడిపించగలరు, అని అర్జీ.

సోమసుందరం గారు చివరి కాగితం తిప్పి, “ఇంతేనా అడిగింది?” అన్నారు. తర్వాత, “కారణం ఆరు అంటే ఏమిటండి?” అన్నారు.

సున్నాలప్పుడు తీసిన జాబితా కోసం వెతికాం. బీరువా వెనక దొరికింది. ఆరో కారణం: ‘పోటు దృష్ట్యా పడవ సమయమును మార్చుట సాంకేతికంగా సాధ్యము కాదు.’ నేను ఆ ఆరుని మెట్లకి పట్టుకునే కమ్మీ అడిగిన వాళ్లకీ వేశాను. దీపం అడిగిన వాళ్లకీ వేశాను. రేవులో కుక్కలు కరుస్తున్నాయని రాసినాయనకీ వేశాను.

ఆ మధ్యాహ్నం సోమసుందరం గారు పెరుగన్నం సగంలో డబ్బా మూసేశారు. కళ్లు చెమర్చాయి, కాని చుక్క రాలలేదు. ధ్రువపత్రంలో ‘చెమ్మ’ అని రాసి పంపాం. చెమ్మ అనే గడి లేదని వెనక్కి వచ్చింది. కర్మ దగ్గరికి స్వయంగా వెళ్తే గాని పూర్తి విచారం సాధ్యం కాదని ఆయన నోట్ పెట్టారు. సెక్రటరీ గారికి సమాచార హక్కు గడువు దగ్గర పడుతోంది. ‘స్థల విచారమునకు అనుమతించడమైనది’ అని రాసి, జీపు ఇచ్చారు.

మేము రేవు చేరేసరికి నాలుగు దాటింది. పడవ ఇవతలి గట్టునే కట్టి ఉంది. పడవ నడిపే సరంగు కొండలరావు ఇంజనుకి నూనె పోస్తున్నాడు. మెట్ల మీద ఒకావిడ తాళ్ల మోపు దింపుకుంటోంది. అరచేతుల నిండా పీచు గీరిన గుర్తులు. జీపు మీది పేరు చదివి దగ్గరికి వచ్చింది.

“మీరు రేవుల ఆఫీసోళ్లాండి? నా పేరు చంద్రావతండి.”

“అవునమ్మా. విచారించడానికి వచ్చాం” అన్నారు సోమసుందరం గారు.

“ఏ విచారమండి? మొదటిదా, రెండోదా?”

“రెండోదేనమ్మా. కాని మొదటిది చెయ్యకుండా రెండోది రావటం లేదు.”

“అయితే నా గురించి పదకొండు సార్లు బాధపడింది మీరేనాండి?”

“లేదమ్మా. ఎవరూ పడలేదు. అది అచ్చు వేసిన కాగితం.”

ఇంత స్పష్టంగా మాట్లాడటానికి మాకు అధికారం లేదు.

చంద్రావతి చేతులు చీర కుచ్చెళ్లకి తుడుచుకుంది. “ఆయ్, అనుకున్నానండి. నిజంగా పడుంటే ఓసారి వచ్చుందురు కదా.”

సోమసుందరం గారు సరంగు దగ్గరికి వెళ్లి పోటు సంగతి అడిగారు. కొండలరావు నవ్వాడు. “పోటు రోజూ ఒకే టైముకి వస్తాదాండి? రోజురోజుకీ ముప్పావుగంట ఎనక్కి జరుగుద్ది. దానికీ పడవ టైముకీ లంకె ఏటండి? మీ ఆఫీసులో ఎవురూ గోదారి చూళ్లేదేటండి?”

“మరి నాలుగున్నర ఎవరు పెట్టారు?”

“అప్పట్లో రేవు ఇనస్పెక్టరు గారుండేవోరండి. ఆయనకి అయిదింటి బస్సు. ఆఖరి పడవ పంపేసి బస్సెక్కేవోరు. ఆయన రిటైరైపోయి పదకొండేళ్లయిందండి. ఆ బస్సూ తీసేశారు.”

నాలుగున్నర అయింది. కొండలరావు సైరన్ వేశాడు. గట్టు మీద పిల్లలు కనపడ్డారు. ముందు ఇద్దరు పరుగెత్తుకుంటూ వచ్చి పడవలోకి దూకారు. వెనక ముగ్గురు ఇంకా వందగజాల దూరంలో ఉన్నారు.

“ఆపవయ్యా!” అన్నారు సోమసుందరం గారు.

“అయిదు నిమిషాలు ఆపితే మెమో ఇస్తారండి. ఇప్పటికి రెండిచ్చారు” అన్నాడు కొండలరావు, నావైపు చూడకుండానే. ఆ రెండు మెమోలకీ గోందు రాసింది నేనే.

పడవ కదిలింది. ముగ్గురు పిల్లలూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఇరవై గజాల నీళ్లు. వాళ్లు కేకలు వెయ్యలేదు. ఏడవలేదు. అందులో పెద్దపిల్ల చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన సర్ది పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది. ఇంట్లో తన చోటులో తను కూర్చున్నంత మామూలుగా కూర్చుంది.

“చీకటి పడేలోపు ఏ చేపల నావైనా అటు పోతే ఎక్కించుకుంటాడండి” అంది చంద్రావతి. “వానాకాలం అదీ పోదండి. తొమ్మిది మందిలో నలుగుర్ని మానిపించేశారండి. ఆ కూకున్నది మా పిల్ల. మానెయ్యనంటాదండి.”

సోమసుందరం గారు ఆ చెప్పుల వైపే చూస్తున్నారు. ఆయన ముఖంలో మార్పేమీ లేదు. అది మారడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు కదా. నీళ్లు మాత్రం చెంపల మీదుగా చొక్కా కాలరు దాకా వచ్చాయి. నేను ధ్రువపత్రం తీశాను. ‘మొదలు: 4.32’ అని రాశాను. అక్షరం అలుక్కుపోయింది. చూస్తే దాని మీద పడిన చుక్క నాది. కన్నీరు అన్న గడిలో ‘ఉన్నది, ఇద్దరికీ’ అని రాశాను. ఆ విధంగా బహువచనం కూడా నెరవేరింది.

మర్నాడు సోమసుందరం గారు నోట్ పెట్టారు. ‘విచారము పూర్తి అయినది. విచారించిన మీదట తిరస్కరించుటకు కారణము కనపడలేదు. కావున ఫారం పద్నాలుగుపై సంతకము చేయజాలను.’

సెక్రటరీ గారి గదిలోంచి అరుపు వరండా దాకా వినపడింది. “మిమ్మల్ని విచారించమంటే, వెళ్లి విచారణ చేసి వచ్చారేమిటయ్యా!”

“తెలుగులో రెండిటికీ ఒకటే క్రియ అండి.”

“ఇంగ్లీషులో కాదు!”

“ఇంగ్లీషులో ఏడవమన్నారు కదండి. ఏడవడానికి తెలుగులో విచారించాల్సి వచ్చింది.”

“విచారం ఉన్నది తిరస్కరించడానికి. మీరు విచారాన్ని దుర్వినియోగం చేశారు.”

ఆ రోజే సమాచార హక్కు జవాబు వెళ్లింది. పేర్లు మా ఇద్దరివి, తేదీ, సమయం. మిగతా పదకొండు సందర్భాలకు సమాచారం లభ్యం కాలేదు. మూడో ప్రశ్నకి ‘పరిశీలనలో ఉన్నది’ అని రాశారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆర్డరు ప్రకారం మా ఇద్దరి ధ్రువపత్రం లేకుండా ఒక్క ఫారం పద్నాలుగు కూడా బయటికి పోకూడదు. నూట అరవై మూడు మా గదిలో పేరుకున్నాయి. సోమసుందరం గారు వరసగా ఫైళ్లు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టారు. కుక్కల ఆయనది చదివి ఒక పూట, దీపం వాళ్లది చదివి ఒక పూట విచారించారు. రెండు వారాల్లో తొమ్మిది కేసులు పూర్తయ్యాయి. తొమ్మిదింటిలోనూ సంతకం చేయజాలను.

సెక్రటరీ గారు మా బదులు వేరేవాళ్లను పెట్టి చూశారు. క్యాషియర్ గారు గదిలో కూర్చోగానే నవ్వు ఆపుకోలేకపోయారు. స్టెనో ఉల్లిపాయ తెచ్చుకున్నాడు. అది తాడేపల్లిగూడెం సరుకు కావడంతో పక్క సెక్షన్ దాకా అందరూ ఏడ్చారు. తనకు రాని ప్రమోషన్ తలుచుకుని సూపరింటెండెంటు గారు నిజంగానే భోరుమన్నారు. జ్ఞానప్రసూన గారిని అడిగితే, “కన్నీరు అసలైనదే గాని కర్మ వేరు. అర్జీదారుకి చెందదు” అని తేల్చేశారు.

ఇలా ఉండగా ఎవరో నిబంధన తొమ్మిది బయటికి తీశారు. అరవై రోజుల్లో తిరస్కరణ అందని అర్జీ ఆమోదం పొందినట్టే అని అందులో ఉంది. ఇరవై రెండేళ్లలో దాని అవసరం పడలేదు. మా తిరస్కరణలు ఎప్పుడూ వారంలోపే వెళ్లేవి.

అరవై ఒకటో రోజు పొద్దున్నే సెక్రటరీ గారు నా టేబులు దగ్గరికి స్వయంగా వచ్చారు. నేను ఆమోద పత్రాలు, అంటే ఫారం పదిహేను, బీరువా అడుగు నుంచి తీస్తున్నాను. కట్ట మీద ప్రెస్సువాళ్లు కట్టిన పురికొస ఇంకా అలాగే ఉంది.

“అమ్మాజీ గారూ, ఆ చిలకలపాటి లంకది కాస్త నెమ్మదిగా...”

“గోందు ఆరిపోతోందండి” అన్నాను.

వచ్చే సోమవారం నుంచి ఆఖరి పడవ అయిదింటికి. నా చేత్తో రాశాను. కారణం అనే గడి ఆ ఫారంలో లేదు. ఇస్తున్నప్పుడు ఎందుకిస్తున్నామో చెప్పక్కర్లేదు కాబోలు.

మండలి తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. సెక్రటరీ గారు జ్ఞానప్రసూన గారిని మళ్లీ పిలిపించి, ఎవరూ బాధపడనక్కర్లేని క్రియ ఒకటి చెప్పమన్నారు.

“ఇంగ్లీషు దాకా ఎందుకండి, తెలుగులోనే ఉంది” అన్నారావిడ అలసటగా. “‘తెలియజేయడమైనది’ అనండి. ఎవరు తెలియజేశారో ఉండదు. కర్త లేడు. బాధ లేదు. అంతా దానంతటదే జరిగిపోతుంది.”

సెక్రటరీ గారు ఆ మాటను రెండుసార్లు పైకి అనుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఫారం మార్చడానికి అనుమతి కావాలి గాని, మెమోకి ఫారమే లేదు. ఆ రోజు నుంచి తిరస్కరణలన్నీ మెమోలుగా వెళ్తున్నాయి. విచార విభాగం రద్దు చేయడమైనది. బోర్డు పీకేయడమైనది. స్టేషనరీ గదిలో మళ్లీ స్టేషనరీ పెట్టడమైనది. సోమసుందరం గారిని పాలనా సౌలభ్యం దృష్ట్యా రేవు పర్యవేక్షకుడిగా బదిలీ చేయడమైనది. ఏ రేవు కావాలో కోరుకోమంటే చిలకలపాటి లంక కోరుకున్నారు. శిక్షగా ఎవరినైనా పంపేది అక్కడికే కాబట్టి, సెక్రటరీ గారు వెంటనే ఇచ్చేశారు.

ఆ సోమవారం నేను సెలవు పెట్టి రేవుకి వెళ్లాను. సోమసుందరం గారు మెట్ల పక్క బల్ల మీద కూర్చుని ఉన్నారు. కొండలరావు తలగుడ్డ ముఖం మీద కప్పుకుని పడవలో పడుకున్నాడు. నాలుగూ ముప్ఫై రెండుకి గట్టు మీద దుమ్ము లేచింది. పిల్లలు మా కాగితాన్ని నమ్మినట్టు లేరు, ఎప్పటిలాగే పరుగెత్తుకుంటూ వచ్చారు. ఏడుగురున్నారు. మానేసిన నలుగురిలో ఇద్దరు మళ్లీ చేరినట్టున్నారు, వాళ్ల యూనిఫాంలు పొట్టయిపోయాయి. మెట్ల దగ్గర ఆయాసంతో ఆగి, కట్టేసి ఉన్న పడవ వైపు చూశారు.

“ఎల్లిపోలేదాండి?” అంది చంద్రావతి కూతురు.

“అయిదింటికమ్మా.”

“ఇప్పుడెంతయిందండి?”

“నాలుగూ ముప్ఫై రెండు.”

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇరవై ఎనిమిది నిమిషాలు ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఒకమ్మాయి వెళ్లి నీళ్లతో ముఖం కడుక్కుని వచ్చింది. ఇంకొకమ్మాయి లెక్కల నోటు తీసి, మళ్లీ పెట్టేసింది. కాసేపటికి పొట్టి యూనిఫాం పిల్ల మెట్ల కింద గులకరాళ్లు అయిదు ఏరింది. అచ్చనగాయలు మొదలయ్యాయి. ముందు ఇద్దరు ఆడారు, తర్వాత అందరూ చుట్టూ చేరి తగువులాడుకున్నారు. రాయి ముట్టుకున్నావని ఒకరు, లేదని ఒకరు.

అయిదయింది. కొండలరావు లేచి సైరన్ వేశాడు.

“ఒక్క ఆటండి! ఇంకొక్క ఆటే!” అన్నారు పిల్లలు తలెత్తకుండానే.

కొండలరావు తాడు చేత్తో పట్టుకుని సోమసుందరం గారి వైపు చూశాడు. ఆయన గడియారం చూసుకోలేదు.

“కానివ్వండమ్మా” అన్నారు.